బ్రీదర్ ఫిల్టరుకి శుక్రవారం పసుపు

మా కారులో మా ఆవిడ వెనక సీట్లోకి మారి అప్పటికి ఏడాది దాటింది. కారు కొని పన్నెండేళ్లు. అందులో పదకొండేళ్లు నా పక్కనే ముందు సీట్లో కూర్చున్న మనిషి, ఒక రోజు కూరగాయల సంచీతో వచ్చి వెనక తలుపు తీసుకుని కూర్చుంది. ఏమిటని అడిగితే, ముందు కూర్చుంటే ఏసీలోంచి ఆయిలు వాసన కొడుతోందనీ, కడుపులో తిప్పుతోందనీ చెప్పింది. కొడుతున్న మాట నిజమే. పన్నెండేళ్ల పెట్రోలు బండి మల్లెపూల వాసన ఎలా కొడుతుంది? నాలుగు రోజులు పోతే ఆవిడే సర్దుకుంటుందిలే అనుకున్నాను. సర్దుకుంది, కానీ వెనక సీట్లో. ముందు చిన్న దిండు అక్కడికి వెళ్లింది, తరవాత నీళ్ల సీసా, ఆ తరవాత కళ్లజోడు పెట్టె.

ఇందులో నాకొచ్చిన చిక్కేమిటో కారు నడిపే మొగుళ్లకి చెప్పక్కర్లేదు. ముందు నేనొక్కణ్ణే, వెనక పట్టుచీర కట్టుకున్న ఆవిడ. చూసేవాళ్లకి నేనెవర్ని? ముప్ఫై ఏళ్లుగా జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నానన్న సంగతి నా మొహం మీద రాసి ఉండదు. పైగా ఎండలకి తెల్ల చొక్కాలే వేసుకుంటాను. కంకిపాడులో ఒక పెళ్లికి వెళ్లి, కల్యాణమండపం మెట్ల దగ్గర ఆవిణ్ణి దింపగానే, గేటు దగ్గర నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. కారు వెనక షెడ్డు పక్కన పెట్టుకోమనీ, డ్రైవర్లకి అక్కడే వడ్డిస్తున్నారనీ, మొదటి బంతి లేవకముందే వెళ్లి కూర్చోమనీ ఎంతో ఆప్యాయంగా చెప్పాడు. నేను పెళ్లికూతురికి వరసకి పెదనాన్ననని చెప్పాను. ఆయన నా చొక్కా కేసి చూసి, అలాగేనండి, అయినా అక్కడైతే రద్దీ ఉండదన్నాడు. ఆయనకి చెప్పాల్సిందంతా చెప్పాను. సన్నాయి వాళ్లు ఊదడం ఆపి చూశారు. మా ఆవిడ మెట్ల మీంచి ఒకసారి వెనక్కి చూసి, లోపలికి వెళ్లిపోయింది.

నాకు కోపమెక్కువని మా చుట్టాలంతా అంటారు. అది కోపం కాదు. బందరు రోడ్డు మీద బండి నడిపే జనానికి కుడికీ ఎడమకీ తేడా తెలియకపోతే, తెలిసినవాడికి కలిగే బాధ. ఆటోవాడు తిరగబోతున్నానని చెప్పడానికి లైటు వెయ్యడు, కాలు బయటికి చాపుతాడు. ఏ కాలు చాపితే ఎటు తిరుగుతాడో వాడికే తెలియదు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, మెడ వంకరగా పెట్టి మోటారు సైకిలు నడిపేవాడు ఇంకొకడు. వీళ్లందరికీ కారులో కూర్చుని నేను చేసిన బోధ గేదెలకి చేసి ఉంటే, ఈపాటికి అవి ఎడమవైపున వరసగా నడిచేవి.

ఆ పెళ్లి నుంచి తిరిగి వస్తూ ఒకటే నిశ్చయించుకున్నాను. కారులో వాసన పోవాలి, మా ఆవిడ మళ్లీ నా పక్కన కూర్చోవాలి. డ్రైవరనుకున్నారన్న ఉక్రోషం ఒక్కటే కాదు. గేరు మార్చినప్పుడల్లా మోచేయి తగిలే మనిషి పక్కన లేకపోతే నాకు బండి నడుపుతున్నట్టే ఉండేది కాదు. దారిలో ఏదైనా చూపించాలన్నా అద్దంలోకి చూసి చెప్పాల్సి వచ్చేది, ఆవిడ ఆ సమయానికి కళ్లు మూసుకుని ఉండేది.

మొదట ఇంటి వైద్యం చేశాను. సెంటు సీసా తెచ్చి అద్దం ముందు అతికించాను. నిమ్మకాయలు కోసి సీట్ల కింద పెట్టాను, కర్పూరం మూట కట్టి ఏసీ ముందు వేలాడదీశాను. వారం తిరిగేసరికి ఆయిలు వాసనకి తోడు ఇవన్నీ కూడా చేరాయి. మా ఆవిడ వెనక అద్దాలు కూడా దించడం మొదలుపెట్టింది.

ఇక లాభం లేదని మా విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. అక్కడ నాకు తెలిసిన మెకానిక్కు ఒకాయన ఉన్నాడు, మితభాషి. బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టరు పెట్టె మూత తీసి చూపించాడు. లోపల ఫిల్టరు బజ్జీల కింద పరిచిన కాగితంలా ఆయిలు పీల్చుకుని ఉంది. ఇంజను తిరుగుతుంటే లోపలి ఆయిలు వేడెక్కి ఆవిరి పుడుతుందట. అది బయటికి పోవడానికి ఇంజను నెత్తిన చిన్న ముక్కు ఉంటుంది. ఆ ముక్కు నుంచి ఒక రబ్బరు పైపు ఎయిర్ ఫిల్టరు పెట్టెలోకి వెళుతుంది. ఇంజను వదిలిన ఆవిరిని మళ్లీ ఇంజనే పీల్చుకుంటుంది. బండి వయసులో ఉన్నంతకాలం ఇది బాగానే సాగుతుంది. ముసలిదయ్యేసరికి ఆయాసం ఎక్కువై, ఆవిరితోపాటు ఆయిలు కూడా కక్కుతుంది. మా బండికి ఆ పైపు కూడా నెర్రెలు విచ్చి, వాసనంతా అందులోంచి ఏసీలోకి దూరుతోంది.

విరుగుడు కూడా ఆయనే చెప్పాడు. పాత పైపు తీసేసి, ముక్కుకి కొత్త పైపు తగిలించాలి. దాన్ని ఏసీ గాలి పీల్చుకునే చోటికి దూరంగా పక్కకి తెచ్చి, చివర బ్రీదర్ ఫిల్టరు బిగించాలి. ఆవిరి బయటికి పోతుంది, దుమ్ము లోపలికి రాదు. ఫిల్టరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. బత్తాయికాయంత ఉంది. పైన ఎర్ర టోపీ, కింద మడతలు మడతలుగా నూలు గుడ్డ, దాని మీద సన్నటి తీగల వల. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పది నిమిషాల్లో బిగించేస్తానన్నాడు. పది నిమిషాల పనికి ఇంకొకరెందుకు, నేనే బిగించుకుంటానన్నాను. ఆయన నా చేతుల కేసి ఒకసారి చూసి, సామానంతా సంచీలో వేసిచ్చాడు.

వారమంతా ఫోనులో వీడియోలు చూశాను. వాటిలో ఎవడో తెల్ల బనీను వేసుకుని, వెనక సంగీతం వస్తుండగా, చేతికి మరక అంటకుండా మూడు నిమిషాల్లో బిగించేస్తాడు. చివర్లో నవ్వుతాడు కూడా. అది చూసి నేను కూడా తెల్ల బనీనే వేసుకుని ఆదివారం పొద్దున్నే మా అపార్టుమెంటు సెల్లారులోకి దిగాను.

సెల్లారులో ఒకడు బానెట్ ఎత్తితే చాలు, మిగతా మనుషులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మొదట వాచ్‌మన్ వచ్చాడు, తరవాత ఇస్త్రీ అతను బట్టల మూటతో వచ్చాడు. ఆ తరవాత రెండో అంతస్తులో ఉండే రిటైరైన ఇంజనీరుగారు పేపరు చంకలో పెట్టుకుని దిగారు. ఆయన ఉద్యోగమంతా కాలువల మీద లాకులు బాగుచేయిస్తూ గడిపిన మనిషి, కార్ల సంగతి ఆయనకేం తెలుసు? అయినా, గాలి లోపలికి పోవాలో బయటికి రావాలో ముందు తేల్చుకుని పని మొదలుపెట్టమన్నారు. తేల్చుకునే మొదలుపెట్టానన్నాను. అలా అయితే పైపు తలకిందులుగా ఎందుకు పట్టుకున్నారని అడిగారు. పైపుకి తలా కాళ్లూ ఉండవని చెప్పి, దాంతోపాటు ఇంకో నాలుగు మాటలు కూడా చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు. పక్కనున్న స్కూటరు మీద కూర్చుని పేపరు విప్పారు.

పన్నెండేళ్లుగా అతుక్కుపోయిన పాత పైపు లాగితే రాలేదు. తిప్పితే రాలేదు. ఒక కాలు బంపరుకి తన్నిపెట్టి రెండు చేతులా లాగితే ఉన్నట్టుండి ఊడొచ్చింది, నేను వెళ్లి ఇస్త్రీ బట్టల మూట మీద పడ్డాను. పైనున్నది ఇంజనీరుగారి పంచె. అప్పుడాయన పేపరు దించి చూశారు. కొత్త పైపు ఎక్కింది గానీ, దాన్ని పట్టుకుని ఉండాల్సిన క్లిప్పు స్క్రూ అందకుండా కిందివైపుకి తిరిగిపోయింది. దాన్ని పైకి తెచ్చేసరికి గంట పట్టింది. ఇక పాత పైపు వదిలిపోయిన కన్నం ఒకటి ఎయిర్ ఫిల్టరు పెట్టెకి మిగిలింది, అది మూయకపోతే దుమ్ము నేరుగా ఇంజన్లోకి పోతుంది. దానికోసం మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులోంచి రబ్బరు బిరడా ఒకటి ముందే తెచ్చి ఉంచాను. కొలిచి చేయించినట్టు సరిపోయింది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో కాలేజీ సొత్తు నేను ఇంటికి తెచ్చుకున్నది అదొక్కటే.

మధ్యలో మా ఆవిడ మజ్జిగ తెచ్చింది. నా చేతులు నల్లగా ఉన్నాయని, అంతమంది ముందూ గ్లాసు తనే పట్టుకుని తాగించింది. కాస్త మెల్లగా వంచొచ్చుగా, బనీనంతా పోశావని కసిరాను. ఖాళీ గ్లాసు తీసుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి పని పూర్తయింది. అద్దాలు ఎత్తి, ఏసీ వేసి, బ్యారేజీ దాకా వెళ్లి వచ్చాను. ఎర్ర లైటు పడ్డ చోటల్లా ఏసీ కన్నాల దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. పక్క కార్లోవాళ్లు నన్ను చూశారు, చూస్తే చూడనీ అనుకున్నాను. ఆయిలు వాసన మచ్చుకైనా లేదు. లెక్చరరు ఉద్యోగం వచ్చిన రోజు కూడా నాకు ఇంత సంతోషం కలగలేదు. ఇంటికి వచ్చి, ఇక ముందు సీట్లో కూర్చోవచ్చని మా ఆవిడతో చెప్పాను. చూద్దాంలెండి అంది. శుక్రవారం ఉయ్యూరు నుంచి వాళ్లమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకురావాలి, అమ్మని వెనక ఒక్కదాన్నే కూర్చోబెట్టలేను కాబట్టి ఆ రోజుకి మాత్రం వెనకే కూర్చుంటానంది. అది న్యాయంగానే తోచింది. గురువారం ఆవిడ బస్సులో ఉయ్యూరు వెళ్లింది. మర్నాడు నేను కాలేజీకి సెలవు పెట్టి కారు తీసుకుని వెళ్లాను.

మా అత్తగారికి డెబ్బై అయిదేళ్లు. ఆవిడ ఇంట్లో ఏ వస్తువూ పసుపూ కుంకుమా లేకుండా పని మొదలుపెట్టడానికి వీల్లేదు. గ్యాసు పొయ్యికి బొట్టు, మిక్సీకి బొట్టు, నీళ్ల మోటారుకి బొట్టు. మా బావమరిది కొనిచ్చిన సెల్‌ఫోనుకి కూడా పెట్టారు. ఛార్జింగు పెట్టే కన్నంలోకి పసుపు పోయి అది మళ్లీ మోగలేదు. ఇవన్నీ తెలిసి కూడా నేను నోరు ఊరుకోక, కాళ్లు కడుక్కుంటూనే, కారుకి కొత్త సామాను నా చేతులతో బిగించానని చెప్పాను.

"శుక్రవారం పూట కొత్త సామాను గుమ్మంలోకొస్తే ఉత్తినే ఎట్టా పంపిస్తాం బాబూ?" అన్నారు.

అల్లుడెంత కోపిష్టయినా అత్తగారి మాటకి ఎదురు చెప్పడు, అది మా ఇళ్లలో పద్ధతి. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో నేను ఆవిడ ముందు గొంతెత్తింది లేదు. బానెట్ ఎత్తి ఫిల్టరు చూపించాను. ఎర్ర టోపీ మీద ఒక బొట్టు పెట్టారు. ఒక్క బొట్టుకి ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంతలో పెసరట్లు చల్లారిపోతున్నాయని మా ఆవిడ లోపలి నుంచి పిలిచింది. నేను లోపల మూడు పెసరట్లు తినేలోగా మా అత్తగారు బయట పని పూర్తి చేశారు. శుక్రవారం గడపకి ఎలా పూస్తారో అలా, పసుపు తడిపి, మడతల్లోకి వేలు పెట్టి మరీ, ఒక్క చోటు వదలకుండా ఫిల్టరుకి పూశారు. దాని మీద వరసగా కుంకుమ బొట్లు పెట్టారు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మా ఆవిడ బానెట్ మూసేసింది.

బయల్దేరాం. చెరకు సీజను కావడంతో ఎదురుగా ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు వరసగా వస్తున్నాయి. వెనక తల్లీ కూతుళ్లు పక్కింటివాళ్ల పెళ్లి సంబంధం ఒకటి మాట్లాడుకుంటున్నారు. కంకిపాడు ఇంకా రాలేదు, ఏదో మాడుతున్న వాసన వచ్చింది. ఎవరో పోపు మాడ్చుకున్నట్టున్నారన్నారు మా అత్తగారు. పసుపు కూడా వేసి మాడ్చారమ్మా అంది మా ఆవిడ. ఈ వేళప్పుడు వంటేమిటని నేను కూడా రోడ్డు పక్క ఇళ్ల వైపు చూశాను. అప్పుడు బానెట్ అంచుల్లోంచి పొగ లేచింది.

పక్కకి తీసి ఆపి, బానెట్ ఎత్తాను. ఇంజన్లో ఆయిలెంతుందో చూసుకోవడానికి సన్నటి కడ్డీ ఒకటి ఉంటుంది, గేజు అంటారు. అది తన గొట్టంలోంచి జానెడు పైకి లేచి ఉంది. ఆ దారిన ఆయిలు చిమ్మి ఇంజనంతా పడి, వేడికి పొగలు కక్కుతోంది. ఎదురుగా వస్తున్న చెరకు ట్రాక్టరు డ్రైవరు ఒకాయన బండి ఆపుకుని వచ్చాడు. ఒక్క చూపు చూసి, ఫిల్టరుని గోటితో గీకాడు. పసుపు ఎండి, అది పిడకలా గట్టిపడింది.

"ఊపిరాడలేదండీ దీనికి. ఆవిరి పోయే దారి మూసేశారు, లోపల ఒత్తిడి పెరిగి గేజుని తన్నేసింది. ఇంతకీ దీనికి పసుపెవరు పూశారండీ?" అన్నాడు.

మా అత్తగారు మెల్లగా దిగి వచ్చి, నా పక్కన నిలబడి, పసుపేమన్నా తక్కువైందా బాబూ అని అడిగారు.

నా నరాలు తెగిపోతున్నాయి, కానీ ఆవిణ్ణి ఏమనగలను? అత్త మీద కోపం దుత్త మీద చూపించడం లోకంలో కొత్తేమీ కాదు. నేను మా ఆవిడ వైపు తిరిగాను. బానెట్ మూసింది నువ్వే కదా, కళ్లెక్కడ పెట్టుకున్నావని మొదలుపెట్టాను. ఆదివారమంతా నేను పడ్డ కష్టం, నా పనంటే ఆవిడకి ఏ రోజూ లెక్క లేకపోవడం, బుర్ర వాడే అలవాటు పుట్టుకతోనే లేకపోవడం, అన్నీ కలిపి ఊపిరి తీసుకోకుండా అరిచాను. మా ఆవిడ కారు తలుపు పట్టుకుని నిలబడి విన్నది.

నన్ను పట్టించుకోకుండా మా అత్తగారు, ఇప్పుడేం చెయ్యాలని ట్రాక్టరాయన్ని అడిగారు. ఫిల్టరు తీసేసి వెళ్లొచ్చు గానీ, పైపు మూతి తెరిచి ఉంటే దుమ్ము పోతుంది, గాలాడే పల్చటి గుడ్డ ఏదైనా కట్టాలన్నాడు. అంటే జాడీకి వాసెన కట్టినట్టేగా అన్నారావిడ. ఆవకాయ జాడీ మూతికి గుడ్డ కట్టడం ఆవిడకి యాభై ఏళ్ల విద్య. కన్ను తుడుచుకోవడానికని సంచీలో తెచ్చుకున్న పాత పంచె ముక్క తీసి, పైపు మూతి మీద కప్పి, దారంతో మూడు చుట్లు చుట్టి ముడి వేశారు. క్లిప్పుతో నేను గంట కుస్తీ పట్టిన పని ఆవిడకి రెండు నిమిషాలు పట్టింది. ట్రాక్టరాయన తన డబ్బాలోంచి ఆయిలు పోసి, గేజు నొక్కి, మా అత్తగారికి నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆ వాసెనతోనే విజయవాడ చేరాం. డాక్టరు చూసి, శుక్లం ఇంకా ముదరలేదు, కొన్నాళ్లు ఆగొచ్చన్నాడు.

శనివారం ఫిల్టరుని పెట్రోలుతో కడిగి, సబ్బు నీళ్లతో కడిగి, డాబా మీద ఎండబెట్టాను. రంగు పోలేదు గానీ, ఊదితే గాలి ధారాళంగా పోయింది. మళ్లీ బిగించాను, ఈసారి అరగంటే పట్టింది. ఆదివారం మా అత్తగారిని ఉయ్యూరులో దింపడానికి వెళ్లాం. దారంతా అద్దాలు మూసే ఉన్నాయి. ఏ వాసనా లేదని మా అత్తగారే తేల్చి చెప్పారు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరమే. వాళ్ల గుమ్మం ముందు నేను కావాలని ముందు తలుపు తీసి పట్టుకున్నాను. మా ఆవిడ నా పక్క నుంచి వెళ్లి, వెనక తలుపు తీసుకుని కూర్చుంది.

ఊరు దాటాను. చెరకు తోటల పక్కన బండి ఆపి, వెనక్కి తిరిగి, ఇంకా వాసన వస్తోందా అని అడిగాను. రావట్లేదంది. కడుపులో తిప్పుతోందా అన్నాను. లేదంది. మరి ఇంకేం చెయ్యాలి నేను అన్నాను, కాస్త గొంతు పెరిగింది కూడా. ఆవిడ తోటల వైపు చూస్తూ చెప్పింది.

"వాసన సంగతి అబద్ధం కాదండి. కానీ నేను వెనక్కొచ్చింది అందుక్కాదు. మీరు రోడ్డు మీద ఎవర్నో తిడతారు. అతనికి వినపడదు, అతని దారిన అతను పోతాడు. పక్కన ఉండేది నేను. ఇంటికెళ్లేసరికి ఆ తిట్లన్నీ నేనే తిన్నట్టుంటుంది. వెనకైతే మీ మొహం కనపడదు, కాస్త నయం."

నేనేదో అనబోయాను.

"మొన్న మా అమ్మని అనలేక నన్నన్నారు. ఆ ట్రాక్టరాయన వినలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. చూశారా మీరు?"

నేను చూడలేదు. చూసి ఉంటే ఆపేవాణ్ణని కూడా చెప్పలేను. నాకు సిగ్గేసింది. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో మొదటి నుంచీ చూసుకోమని ముప్ఫై ఏళ్లుగా పిల్లలకి చెబుతున్నవాణ్ణి, తప్పు ఇంజన్లో ఉందనుకుని ఇంజను విప్పాను. ఏడాదిగా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే అరుస్తారని" అంది.

ముందుకొచ్చి కూర్చోమని అడగడానికి మొహం చెల్లలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాను. ట్రాక్టర్లు నాలుగైదు వెళ్లాయి. వెనక తలుపు చప్పుడైంది, తరవాత ముందు తలుపు తెరుచుకుంది. దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటూ, పెనమలూరు దాకా చూస్తాననీ, తరవాతి సంగతి తరవాతనీ చెప్పింది.

కంకిపాడులో ఒక ఆటో ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. నోటి దాకా వచ్చిన మాట మింగాను, చెవులు వేడెక్కాయి. ఇంకాస్త ముందుకి వెళ్లాక, మోటారు సైకిలతను ఒకడు మా ముందుకి అడ్డంగా దూసుకొచ్చి, నడిరోడ్డు మీద ఆగి, జేబులోంచి ఫోను తీశాడు. నేను బ్రేకు వేసి, పెదాలు బిగించి, అతని మాటలు అయ్యేదాకా కూర్చున్నాను. ఇతన్ని మాత్రం ఒక మాట అనొచ్చంది మా ఆవిడ. అననన్నాను.

పెనమలూరు బోర్డు కనపడింది. ఆపమంటుందేమోనని వేగం తగ్గించాను. ఆవిడ ఒళ్లో దిండు సర్దుకుంది. బోర్డు దాటాక ఆవిడ వైపు తిరిగి చూశాను.

ముందు చూసి నడపమంది.